ముట్టినది

సాయంత్రం అయిదున్నరకు సైరన్ మోగింది. ప్యాకింగు హాలులో బెల్టు ఆగింది. సువార్తమ్మ తలమీది టోపీ తీసి, ఏప్రాన్ విప్పి కొక్కేనికి తగిలించి, ఎవరూ చూడటం లేదని రూఢి చేసుకున్నాక కుచ్చిళ్ల దగ్గర ఒకసారి చేత్తో అదుముకుంది. ఈ నెల ఇరవై రోజులకే వచ్చింది. వచ్చి తొమ్మిది రోజులైనా ఆగే జాడ లేదు. కడుపులో గడ్డేదో లేచి ఉంటుందని ఆమె నమ్మకం. డాక్టరు దగ్గరికి పోతే ఆ మాటే చెబుతాడని పోవడం లేదు.

ఆమె కూర్చునేది రిజెక్టు బల్ల దగ్గర. గుంటల్లో మాత్ర సరిగా పడని అట్టలన్నీ అక్కడికి వస్తాయి. అట్టను తిరగేసి, బొటనవేలితో ఒక్కొక్క మాత్రనూ రేకు చించుకుని బయటికి వచ్చేలా నొక్కాలి. పదకొండేళ్లుగా నొక్కుతున్న ఆ వేళ్ల కొసలు కాయలు కాచి, ఇప్పుడు సూది గుచ్చినా తెలియవు. మాత్రల పసుపు పొడి గోళ్ల సందుల్లో ఎంత కడిగినా పోదు. అన్నం కలుపుకుంటే చేదు. పనిలో చేరిన కొత్తలో పిల్లలు ఆమె చేతి ముద్ద నోట్లో పెట్టుకుని ఉమ్మేసేవాళ్లు.

గేటు దగ్గర ఆడవాళ్ల వరుస, మగవాళ్ల వరుస వేరువేరు. మధ్యలో రొమ్ముల ఎత్తు గోడ ఒకటి. గోడకు ఇవతల బల్ల, బల్లమీద రిజిస్టరు, బల్ల పక్కన ఖాకీ చీరలో పుష్పమ్మ. ఇదివరకు సంచులు మాత్రమే చూసేవాళ్లు. మూడు నెలల కింద ఏదో మందుల దుకాణంలో కంపెనీ అట్టలు దొరికాయని తెలిసిన దగ్గర నుంచి ఒళ్లు కూడా చూస్తున్నారు. చంకల కింద, రొమ్ముల కింద, నడుము చుట్టూ, తొడల మధ్య. అందరికంటే ఎక్కువసేపు సువార్తమ్మకే పడుతుంది. ఆమెది భారీ ఒళ్లు. ముగ్గురిని కన్న కడుపు మడతలుగా జారి ఉంటుంది. పుష్పమ్మ ఆ మడత కింద చెయ్యి పెట్టి, గోనె బస్తా ఎత్తినట్టు ఎత్తి చూస్తుంది.

"నిన్ను చూడాలంటే ఇంకొక మనిషిని పెట్టాలె అక్కా కంపెనీల," అంటుంది.

వరుసంతా నవ్వుతుంది. సువార్తమ్మ అందరికంటే ముందు నవ్వుతుంది. నవ్వితే తొందరగా వదిలేస్తారు.

ఆ మంగళవారం ఆమె ముందర సంగమ్మ నిలబడి ఉంది. సంగమ్మ కార్టన్ల దగ్గర పని చేస్తుంది. కిష్టారెడ్డిపేట మనిషి, నలభై ఏడేళ్లు, ఎండిన తుమ్మకట్టెలాంటి ఒళ్లు. పుష్పమ్మ చెయ్యి సంగమ్మ నడుము కిందికి పోయి అక్కడే ఆగిపోయింది.

"ఏందిది?"

"బట్ట."

"గింత లావు బట్టేంది?"

"పోయేది గంతగనం పోతుంది మరి. నువ్వు ఆడిదానివి కావా?"

వెనక ఎవరో కిసుక్కుమన్నారు. పుష్పమ్మ ముఖం కందిపోయింది.

"తీసి సూపియ్యి."

"ఈడనా?"

"ఆ మూలకు పోయి తియ్యి. నన్నేం జేయమంటవు? దేన్నీ ఇడ్సిపెట్టొద్దని సారు చెప్పిండు. రేపు నీ దగ్గర అట్ట దొరికితె నా నౌకరి పోతది."

సంగమ్మ బకెట్లు పెట్టే మూలకు పోయి, గోడకు ముఖం పెట్టి, చీర ఎత్తింది. గోడకు అవతల మగవాళ్ల మాటలు ఒక్కసారిగా ఆగిపోయాయి. సువార్తమ్మ తల దించుకుంది. వేడి రక్తం వాసన, ఫినాయిలు వాసన, కంపెనీ గొట్టంలోంచి వచ్చే కుళ్లిన గుడ్ల వాసన, అన్నీ కలిసి ముక్కుకు తగిలాయి. ఇప్పుడు నా వంతు, అనుకుంది. నాదైతే రెండు మడతలు.

సంగమ్మ తిరిగి వచ్చింది. చేతిలోది పుష్పమ్మకు ఇవ్వలేదు. బల్లమీద, తెరిచి ఉన్న రిజిస్టరు మీద పెట్టింది.

"సూడు. ఎన్ని గోలీలున్నయో లెక్కవెట్టుకో."

నీలం సిరాతో రాసిన పేర్లమీద ఎరుపు పాకింది. సంగమ్మ పేరు దాటి, కింద సువార్తమ్మ సంతకం పెట్టవలసిన గడి దాకా వచ్చి ఆగింది. పుష్పమ్మ రెండడుగులు వెనక్కి వేసింది. సంగమ్మ తన బట్ట తాను తీసుకుని, కొంగులో చుట్టుకుని, గేటు దాటి పోయింది. ఎవరూ ఆపలేదు.

పుష్పమ్మ సువార్తమ్మ వైపు చూడకుండా "పో అక్కా," అంది. ఒళ్లు చూడలేదు.

సువార్తమ్మ గబగబా నడిచింది. రోడ్డు మీదికి వచ్చాక, బతికిపోయాననుకుంది. బస్సులో సీటు దొరికి కూర్చున్నాక ఆ మాట మళ్లీ గుర్తొచ్చి, కిటికీలోంచి ఉమ్మింది.

*

పటాన్‌చెరులో వాళ్లది చర్చి వెనక సందులో రెండు గదుల ఇల్లు. సువార్తమ్మ చెంబెడు నీళ్లు మరిగించుకుని స్నానాల గదిలో చాలాసేపు ఉండిపోయింది. సున్నపు గోడకు చిన్న అద్దం ఉంది, భర్త ఉన్నప్పుడు గడ్డం గీసుకునేది. దాన్ని ఎప్పుడూ వెనక్కి తిప్పి పెట్టుకునే స్నానం చేస్తుంది. కడుపు మడత ఎత్తి దాని కింద సబ్బు రాసుకుంటుంటే పుష్పమ్మ చెయ్యే తగిలినట్టయింది. నా ఒళ్లు ఇట్లా ఉండబట్టి కదా, అనుకుంది. బస్తా లాగా ఉంటే బస్తా ఎత్తినట్టే ఎత్తుతారు.

కూతురు దయావతి చాపమీద కూర్చుని తన సర్టిఫికెట్లకు అట్టలు వేసుకుంటోంది. ఇంటరు పాసయింది. పందొమ్మిదేళ్లు. శనివారం కాగితాలు తెమ్మని కంపెనీ పర్సనల్ ఆఫీసరు సూర్యారావు చెప్పాడు. ఆయన దగ్గర సువార్తమ్మ నెలన్నరగా ప్రాధేయపడితే వచ్చిన పిలుపు అది. పెద్దవాళ్లిద్దరూ పెళ్లిళ్లయి పోయారు. ఇది ఒక్కటి కంటి ముందు, తనతో పాటు అదే బస్సులో వచ్చిపోతుంటే చాలు. లేకపోతే రోడ్డు మీద లారీ గుద్దుతుంది, లేదా వేరే ఊళ్లో నౌకరి అని పోయి మాయమవుతుంది, లేదా ఇంట్లో ఒంటరిగా ఉన్నప్పుడు గ్యాసు స్టవ్ పేలుతుంది. సువార్తమ్మకు ఈ మూడూ కళ్ల ముందు జరిగినంత స్పష్టంగా కనబడతాయి.

ఇవాళ నాలుగోది కనబడింది. ఖాకీ చీర ముందు దయావతి చేతులెత్తి నిలబడి ఉంది.

"అమ్మా, ఆదివారానికి సాక్ష్యాలు రాసుడు అయిందా? సంఘం నుంచి అడుగుతున్నరు," అంది దయావతి.

ఏటా స్త్రీల ఆదివారం నాడు చర్చిలో ఆడవాళ్లు లేచి సాక్ష్యం చెబుతారు. చదువు తక్కువైన వాళ్లకు సువార్తమ్మ రాసిస్తుంది. ఆమె చదివింది ఏడో తరగతే అయినా అక్షరాలు అచ్చు వేసినట్టుంటాయి. ఈసారి రెండు రాసింది. దయావతి కాగితాలు తీసి చదివింది.

"'నేను ఘోర పాపినై యుండగా ప్రభువు నన్ను వెదకి రక్షించెను.' ఇది ఎవ్వలది?"

"ఎల్లమ్మది. బాప్తిస్మం తీసుకున్నంక ఎలిజబెత్తు."

"ఇదేమో లూదియమ్మది. ఇది గూడ గిట్లనే ఉంది. అమ్మా, పేర్లు మారిస్తె ఎవ్వల సాక్ష్యం ఎవ్వలకైనా సరిపోతది. ఎల్లమ్మత్త ఏం పాపం చేసిందే? పొద్దస్తమానం బర్రెను కడుగుడే గదా."

"సాక్ష్యమంటె గట్లనే రాయాలె. నోరు మూసుకొని తిను."

సువార్తమ్మ కూడా కంచం ముందు కూర్చుంది. ముద్ద చేదుగా ఉంది. రోజూ ఉండే చేదే. రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కుంది.

*

బుధవారం పది గంటలకు సూర్యారావు పిలిపించాడు. ఆయన గదిలో కూలరు తిరుగుతోంది. బల్లమీద రెండు తెల్ల కాగితాలు, మధ్యలో కార్బన్ పెట్టి సిద్ధంగా ఉన్నాయి. అది ఆయన పద్ధతి. సంజాయిషీ ఏదైనా రెండు ప్రతులు. ఒకటి ఫైలుకు, ఒకటి ఆయన సంతకంతో కార్మికులకు. తరువాత ఎవరూ ఇచ్చామనీ ఇవ్వలేదనీ వాదించకుండా.

"కూర్చోమ్మా. సంగమ్మ పేరు మీద సంజాయిషీ రాయాలి. అది ఇచ్చేదాకా పనిలోకి రావద్దన్నాను. శనివారం నాకు వేలిముద్రతో కావాలి. సోమవారం ఢిల్లీ నుంచి తనిఖీకి వస్తున్నారు. రిజిస్టర్లో పేజీ చింపేశాం. నంబరు వేసిన పేజీ ఎందుకు లేదో ఫైల్లో కాగితం ఉండాలి." ఆ పేజీ గుర్తుకు వచ్చినట్టు ఆయన రుమాలు తీసి పెదవులు తుడుచుకున్నాడు. "రాసుకో. 'నిన్న సాయంత్రం గేటు వద్ద అనుచితముగా ప్రవర్తించి, కంపెనీ రిజిస్టరును పాడుచేసినందుకు...'"

"బట్ట సంగతి రాయాలెనా సార్?"

"ఛీ. ఆఫీసు కాగితంలో అదెందుకు? 'అనుచితముగా' అన్నాం కదా. అందులో అన్నీ వచ్చేశాయి. 'చింతించుచున్నాను. ఇక ముందు ఇటువంటి పొరపాటు జరుగనివ్వనని...' నీకు తెలిసిందే కదా మిగతాది. పాత ఫైలు ఉంది, చూసి రాయి."

బాక్సు ఫైలు ఆమె ముందుకు తోసి ఆయన ఫోను ఎత్తాడు. సువార్తమ్మ మూత తెరిచింది. అన్నీ తన అక్షరాలే. బెల్టు దగ్గర కళ్లు తిరిగి పడిపోయిన పద్మ: 'నా అజాగ్రత్త వలన పని ఆగినందుకు చింతించుచున్నాను.' నెలలు నిండి పదేపదే మూత్రానికి పోయిన మొగులమ్మ: 'తరచుగా స్థలము విడిచి పోయినందుకు చింతించుచున్నాను.' వేలు మిషనులో పడ్డ యాదమ్మ: 'మిషనుకు ఆటంకము కలిగించినందుకు.' ప్రతి కాగితం కింద నీలం వేలిముద్ర. యాదమ్మది ఎడమచేతి ముద్ర, ఎందుకంటే కుడి చేతికి కట్టు ఉంది. ముద్ర కింద గుండ్రటి అక్షరాలతో 'వ్రాసినది: సువార్తమ్మ'. ఎంత చక్కగా రాసింది. ఒత్తులన్నీ వరుసగా, దీర్ఘాలన్నీ ఒక ఎత్తులో.

పదిహేను, పదహారు కాగితాలు తిరగేసింది. చచ్చిన ఎలుకను తన వంటింట్లోనే, తన పిండి డబ్బాలోనే చూసినట్టయింది. మూత వేసేసి, కలం తీసుకుని ఎప్పటిలాగే రాసేసింది.

"అయిందా?" అన్నాడు సూర్యారావు ఫోను పెట్టేసి. ఆమె రాసిన కాగితాన్ని ఒకసారి చూశాడు. కింద ఆమె అలవాటు ప్రకారం 'ముట్టినది' అని రాసి, ఆయన సంతకానికి జాగా వదిలింది. ఆయన నవ్వాడు. "ప్రతిసారీ ఇదొకటి. అందినది అని రాయొచ్చు కదమ్మా?"

"మా దిక్కు గట్లనే రాస్తరు సార్. రసీదు మీద గట్లనే ఉంటది."

"సరేలే. వేలిముద్ర వేయించుకు రా. శనివారం మీ అమ్మాయి కాగితాలు కూడా తెచ్చెయ్యి. సోమవారం చేర్చుకుందాం." ఆయన ఆగి, ఇంకో ఫైలు తెరుస్తూ అన్నాడు, "రెండూ ఒకేసారి తెచ్చెయ్యి."

*

గురువారం షిఫ్టు దిగి ఆటో ఎక్కి కిష్టారెడ్డిపేటకు పోయింది. పొద్దు ఇంకా ఉంది. సంగమ్మ ఇంటి ముందు తీగమీద, దారిన పోయే వాళ్లందరికీ కనబడేలా, ఉతికిన బట్ట పేలికలు మూడు ఆరేసి ఉన్నాయి. సువార్తమ్మ చూపు తిప్పుకుంది. ఆమె ఇంట్లో అయితే అవి తడి లంగా కింద, గోడ మూలన, ఎప్పటికీ పూర్తిగా ఆరకుండా ఆరేవి.

"మొగోళ్లు తిరుగుతుంటరు గదా అక్కా. లోపట ఏసుకోరాదూ?"

"కంపెనీ మొత్తం సూసింది. ఇగ ఊరు సూస్తె ఏమైతది?" సంగమ్మ చేటలో బియ్యం ఏరుతోంది. "ఎండకు ఆరితె వాసన రాదు. ఇన్నేండ్లు మూలకు దాచి దురదలు తెచ్చుకున్న. కూసో. కాగితం తెచ్చినవా?"

సువార్తమ్మ చదివి వినిపించింది. సంగమ్మ చేట ఆపి, చివరిదాకా విన్నది.

"ఇందుల నా ముచ్చటేది?"

"నీదే గదా అక్కా."

"నాది గాదు. ఎవ్వలదో. నేనేం చేసిన అని ఉంది? నన్నేం చేసిండ్రు అని ఉంది? బట్ట అని ఉందా?"

"గది రాయొద్దన్నడు సారు."

"తీయుమన్నప్పుడు లేని సిగ్గు రాయనీకి వచ్చిందా?" సంగమ్మ బియ్యంలోంచి ఒక పురుగును తీసి గోటితో నలిపింది. "నాకు సదువు రాదు. నాది గానిదానికి ఏలుముద్ర ఎయ్య. నేను చెప్త, నువ్వు రాయి. రాస్తవా?"

సువార్తమ్మ లేచి పోదామనుకుంది. రాస్తే సంగమ్మ నౌకరి పోతుంది, తన నౌకరి పోతుంది, దయావతి కాగితాలు బుట్టలో పడతాయి, రేపు ఇంట్లో పొయ్యి వెలగదు. అంతా కనబడుతూనే ఉంది. అయినా సంచిలోంచి కార్బన్ తీసింది. వేళ్లకు పని అలవాటు.

సంగమ్మ చెప్పసాగింది. సువార్తమ్మ రాసి, చదివింది: "'బహిష్టు సమయమున ధరించిన వస్త్రమును తీయవలసినదిగా ఆదేశించినారు.'"

"నేను గట్ల అన్ననా?"

"కాగితంల గట్ల రాస్తరు అక్కా."

"గది వింటె ఎవ్వలకు తెలుస్తది? వస్త్రమంట. పట్టుబట్ట పోగొట్టుకున్నట్టుంది. ముట్టుబట్ట అను."

సువార్తమ్మ కలం ఆగింది. ఆ రెండు మాటలు ఆమె నోటితో కూడా ఎప్పుడూ కలిపి అనలేదు. కాగితంమీద ఎవరూ రాయగా చూడలేదు. ఆమె 'ము' రాసింది. తరువాత ట వత్తు. అన్ని అక్షరాల లాంటివే. కాగితం కాలిపోలేదు.

మూడుసార్లు చదివించుకుని, రెండుచోట్ల దిద్దించి, సంగమ్మ బొటనవేలు ముందుకు చాపింది. ముద్ర వేశాక వేలు తుడుచుకుంటూ అడిగింది.

"నీదెప్పుడు రాస్తవు?"

"నాదేముంది రాయనీకి?"

"రోజు నిన్ను పిసుకుతది గదా."

"నాది లావు ఒళ్లు గదా అక్కా. టైము పడ్తది."

"లావుంటె? లావున్నోళ్లకు తోలు ఉండదా?"

"నేను గూడ నవ్వుతుంటి గదా. నవ్వి ఇప్పుడేమని రాయాలె?"

సంగమ్మ మళ్లీ చేట ఒళ్లోకి తీసుకుంది. ఆమె గొంతులో కోపం లేదు.

"నువ్వు నవ్వుతుంటెనే, సువార్తా, ఎన్కున్న మాకు కడుపుల తిప్పేది."

*

శుక్రవారం సాయంత్రం దీపాలు పెట్టే వేళకు సువార్తమ్మ ముందర ఎల్లమ్మ సాక్ష్యం, లూదియమ్మ సాక్ష్యం, సంగమ్మ కాగితం ఉన్నాయి. సంగమ్మ కాగితం కింద సగం ఖాళీగా మిగిలింది. అక్కడ 'వ్రాసినది' అని మొదలుపెట్టబోయి ఆగింది. స్నానాల గదిలోకి పోయి, వెనక్కి తిప్పి ఉన్న అద్దాన్ని ముందుకు తిప్పింది. దాంట్లో ముఖం, మెడ తప్ప ఏమీ పట్టవు. అద్దాన్ని మేకు నుంచి తీసి కిందికి పట్టుకుని ముక్కముక్కగా చూసుకుంది. రొమ్ము ఒకసారి. కడుపు ఒకసారి. చారలు, మడత, మడత కింద ఎర్రగా ఒరుసుకుపోయిన చర్మం. అందంగా ఏమీ లేదు. అసహ్యంగా కూడా లేదు. పదకొండేళ్లు పని చేయించుకున్న ఒళ్లు. మరి అసహ్యం ఎక్కడి నుంచి వస్తున్నట్టు? ఆమె అక్కడే నిలబడి చాలాసేపు వెతికింది. వచ్చి, కార్బన్ సరిచేసుకుని, రాసింది.

రాసి స్టవ్ మీద ఎసరు చూడటానికి పోయింది. తిరిగి వచ్చేసరికి దయావతి ఆ కాగితాన్ని పట్టుకుని నిలబడి ఉంది.

"మొత్తం సదివినవా?"

దయావతి కాగితాన్ని మడత నలగకుండా చాపమీద పెట్టింది. తలుపు దగ్గర రేపటికి సిద్ధంగా పెట్టుకున్న సంచిలోంచి సర్టిఫికెట్ల కట్ట తీసి, ట్రంకు పెట్టె తెరిచి, అడుగున పెట్టి మూత వేసింది. తరువాత వంటింట్లోకి పోయి తల్లికి, తనకు ఒకే కంచంలో అన్నం పెట్టుకొచ్చింది.

"నువ్వే కలుపు," అంది.

"చేదుంటది బిడ్డా."

"ఉండనియ్యి."

*

శనివారం సూర్యారావు కాగితం నిలబడే అందుకున్నాడు. పెదవులు కదుపుతూ రెండు వరుసలు చదివాడు. మూడో వరుసలో ఆగాడు. కాగితాన్ని బల్లమీద జారవిడిచి, రెండు వేళ్లూ ప్యాంటుకు తుడుచుకున్నాడు.

"ఏంటమ్మా ఇది? ఆఫీసు కాగితంలో రాసే మాటేనా ఇది? ఆడదానివి నువ్వు."

"సంగమ్మ చెప్పింది సార్. ఆమెకు చదివి వినిపించిన. ఇదైతేనే ఏలుముద్ర ఏస్త అన్నది. ఇంకోటి రాసినా ఎయ్యదంట."

"నేను చెప్పింది ఎక్కడ?"

"గది ఆమెది కాదంది సార్."

ఆయన గోడమీది క్యాలెండరు చూశాడు. మధ్యలో ఉన్నది ఆదివారం ఒక్కటే. కాగితాన్ని కలం కొసతో తనకు దూరంగా నెట్టాడు. ఇంకా సగం పైన చదవలేదు. చదివే ఉద్దేశం ఆయన ముఖంలో లేదు.

"సరే. ఏదో ఒకటి, వేలిముద్ర ఉంది కదా. ఫైల్లో పెట్టు. నువ్వే పెట్టు. ఎవరు చదువుతారులే." గొంతు తగ్గించాడు. "మీ అమ్మాయి కాగితాలు?"

"తేలేదు సార్."

"సోమవారం వేరేవాళ్లు చేరిపోతారు మరి. తరువాత నా దగ్గరికి రావద్దు."

సువార్తమ్మ ఇప్పుడైనా సాయంత్రం తెస్తానని అనవచ్చు. అంటే ఆయన ఒప్పుకునేలాగే ఉన్నాడు. ఆమె బాక్సు ఫైలు తెరిచి, యాదమ్మ కాగితం మీద, పద్మ కాగితం మీద, అన్నిటి మీద ఇది పెట్టి, తాడు బిగించింది. కార్బన్ ప్రతిని ఆయన ముందు పరిచింది.

"సంతకం సార్."

కాగితం కూలరు గాలికి ఎగరబోయింది. ఆయన చెయ్యి దానిమీద ఆనించలేదు. పేపరు వెయిటు తీసి పైన పెట్టాడు. కలాన్ని చివర పట్టుకుని, అట్టడుగున ఆమె వదిలిన జాగా దగ్గరికి వచ్చి ఆగాడు. అక్కడున్న మాటను ఇప్పుడే చూసినట్టు చూశాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"అందినది అని మార్చు."

"మా దిక్కు గిట్లనే రాస్తరు సార్," అంది సువార్తమ్మ.

బయట సైకిలు స్టాండు దగ్గర నుంచి ఎవరో ఆయన్ని పిలుస్తున్నారు. ఆయన గబగబా గీత గీసి, కలాన్ని కాగితం పక్కన వదిలేశాడు. దాన్ని మళ్లీ జేబులో పెట్టుకోలేదు.

అయిదున్నరకు సైరన్ మోగింది. సువార్తమ్మ వరుసలో నాలుగోది. నడుముకు బిగించి చుట్టుకునే కొంగును ఇవాళ వదిలేసింది. పుష్పమ్మ చేతులు చంకల కిందికి వచ్చాయి. రొమ్ముల దగ్గర కరకరమని చప్పుడైంది.

"ఏందక్కా ఇది?"

"కాగితం."

"ఏం కాగితం?"

"సదువుకో. నీ పేరు గూడ ఉంది."

పుష్పమ్మ అయిదో తరగతి దాకా చదివింది. కాగితాన్ని రిజిస్టరు మీద పరిచి, వరుస కింద వేలు పెట్టి, పైకే కూడబలుక్కుంటూ చదవసాగింది. సంగమ్మ ముచ్చట అయిపోయింది. వేలు కిందికి దిగింది.

"'సాక్షి సువార్తమ్మ చెప్పునది. నేను సంగమ్మ ఎనక నిలబడి ఉంటిని. అంతా చూసిన. గోడ అవతల మగవాళ్లు ఉండిరి. నాకు నలభై నాలుగేండ్లు. నాది లావు ఒళ్లు. ముగ్గురిని కన్న కడుపు. రోజూ దాన్ని ఎత్తి చూస్తరు. నేను రోజూ నవ్విన. నవ్వు వచ్చి కాదు. జల్దీ వదిలిపెడతరని. ఆ చెయ్యి ఇంటికి పోయినా ఒంటి మీదనే ఉంటది. పుష్పమ్మ...'"

పుష్పమ్మ ఆగింది. వరుస ఆగింది. వెనక నుంచి ఎవరూ తొందర పెట్టలేదు. గోడకు అవతల కూడా మాటలు తగ్గాయి.

"'పుష్పమ్మ షిఫ్టు అయినంక పంపు దగ్గర మోచేతుల దాకా సబ్బు పెట్టి కడుక్కుంటది. నేను చూసిన. ఆమెకు గూడ అసహ్యమే. మాకు అసహ్యం, ఆమెకు అసహ్యం. మరి ఇది ఎవ్వలకు గావాలె? ఈ కంపెనీల పదహారు సంజాయిషీలు నేను రాసిన. ఒక్కదాంట్ల గూడ నిజం లేదు. అందుకు చింతించుచున్నాను.'"

పుష్పమ్మ కొంగుతో మూతి తుడుచుకుంది. వేలు ఇంకా కిందికి దిగి, కాగితం అట్టడుగున ఆగింది. అక్కడి అక్షరాలు పెద్దవి.

"ము... ట్టి... న... ది," అని చదివి, ఆ కింది గీతను గుర్తుపట్టింది. "సూర్యారావు సార్."

మొదట ఎవరికీ తట్టలేదు. తరువాత వరుసలో ఎక్కడో వెనక ఒకామె గొంతులోంచి "ముట్టంట, సారుకు," అని చిన్న చప్పుడు వచ్చింది. పక్కామె నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. అది ఒకరి నుంచి ఒకరికి పాకి, గేటు దాకా వచ్చింది. పద్మ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. పుష్పమ్మ కాగితాన్ని మడిచి తిరిగి ఇస్తూ, తల పక్కకు తిప్పుకుంది. ఆమె భుజాలు కదులుతున్నాయి.

సువార్తమ్మ కాగితాన్ని రవికెలో పెట్టుకుంది. సోమవారం ఏమవుతుందో ఆమెకు కనబడుతూనే ఉంది. చేతులు దించి, కడుపు ఎలా ఉన్నది అలా వదిలేసి, గేటు వైపు నడిచింది. ఆ రోజు వరుసలో నవ్వనిది ఆమె ఒక్కతే.